పట్టు లేనిదే నడక లేదు

కణాన్ని గురించిన పాఠం మీరు పూర్తిచేశారు. కణత్వచం, కణద్రవ్యం, కేంద్రకం, మైటోకాండ్రియా మొదలైన భాగాలను గుర్తిస్తూ బొమ్మ గీయడం ఇప్పటికి మీకు వచ్చే ఉంటుంది. ఒక గుండ్రని గీత, దాని మధ్య మరో గుండ్రని మచ్చ, చుట్టూ చిక్కుడు గింజల్లాంటి ఆకారాలు. పరీక్షలో ఆ బొమ్మకు మార్కులు వస్తాయి కాబట్టి దాన్ని శ్రద్ధగా నేర్చుకోండి. అయితే, చాలా ఏళ్లుగా పాఠాలు రాసే పనిలో ఉన్న నాకు ఆ బొమ్మ మీద ఒక ఫిర్యాదు ఉంది. దాన్ని మీ ముందు పెట్టడానికే ఈ నాలుగు పేజీలు.

బొమ్మలో తప్పు లేదు. కానీ దాన్ని చూసినవారికి కణం అంటే నీళ్లు నింపిన సంచి అనీ, అందులో కొన్ని వస్తువులు తేలుతుంటాయనీ అనిపిస్తుంది. మన శరీరంలో చాలా కణాలు ఏదో ఒకదాన్ని పట్టుకుని ఉంటాయి. పక్క కణాన్నో, కింద ఉన్న పీచునో గట్టిగా పట్టుకుంటాయి. అవసరం వచ్చినప్పుడు పట్టు మార్చుకుంటూ ఒకచోటి నుంచి మరొకచోటికి పోతాయి. ఈ సంగతి ఆ గుండ్రని బొమ్మలో ఎక్కడా కనిపించదు.

ఈ లోటు నాకు తెలిసివచ్చింది ఒక సంపర్క తరగతిలో. ఆ తరగతికి వచ్చిన ఒక అభ్యాసకురాలు ఆస్పత్రిలో గాయాలకు కట్లు కట్టేచోట సహాయకురాలిగా పనిచేస్తున్నారు. చిన్నప్పుడు బడి మానేసి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన మనిషి. పాఠంలో "గాయపడినచోట కణాలు విభజన చెంది గాయాన్ని పూడుస్తాయి" అనే వాక్యం ఉంది. ఆమె ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి అడిగారు: "మేడం, నేను రోజూ పుండ్లు చూస్తాను. పెద్ద పుండు మీద కొత్త చర్మం అంచుల నుంచే లోపలికి వస్తుంది. కణాలు రెండు నాలుగు అవుతాయి, సరే. అయితే అవి అంచునే కుప్పపడాలి కదా? మధ్యకు ఎలా వస్తున్నాయి? వాటికి కాళ్లు లేవు కదా?"

ఆ వాక్యం రాసింది నేనే. ఆమె చూసినది నేను రాసినదానికంటే సరైనది. పైపై గాయాల్లో వెంట్రుకల కుదుళ్ల దగ్గర మిగిలిన కణాల నుంచి కూడా చర్మం వస్తుందన్నది నిజమే. కానీ లోతైన పుండు మూసుకునేది అంచుల నుంచే. కణాల సంఖ్య పెరగడం ఒక పని, అవి ముందుకు సాగడం మరో పని. గాయమైన తర్వాత మొదట మొదలయ్యేది సాగడమే. అంచున ఉన్న కణాలు పక్కవాటితో ఉన్న పట్టును కొంత సడలించి, పలుచగా సాగి, పుండు మీదికి పాకుతాయి. వాటికి కొంచెం వెనుకగా ఉన్న కణాలు ఆ తర్వాత విభజన చెంది, ఖాళీ అయిన చోటును నింపుతాయి.

మరి కాళ్లు లేని కణం ఎలా పాకుతుంది? ఇందులో ముఖ్యపాత్ర ఆక్టిన్ అనే ప్రోటీనుది. కండరాల పాఠంలో మీరు ఈ పేరు చూసే ఉంటారు. హంగరీలోని సెగెడ్ పట్టణంలో ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ ప్రయోగశాల ఉండేది. అందులో పనిచేస్తున్న స్ట్రౌబ్ అనే శాస్త్రవేత్త 1942లో, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, కండరం నుంచి దీన్ని వేరుచేశారు. అందువల్ల చాలాకాలం ఆక్టిన్ కండరానికి సంబంధించిన పదార్థమనే అనుకున్నారు. 1966లో హతానో, ఓసావా అనే జపాన్ శాస్త్రవేత్తలు కండరమన్నదే లేని ఒక జిగురు బూజు నుంచి దాన్ని వేరుచేసి చూపారు. ఇప్పుడు మనకు తెలుసు: కేంద్రకం ఉన్న జీవకణాలలో, మొక్కల్లో అయినా జంతువుల్లో అయినా, ఆక్టిన్ ఉంటుంది.

ఆక్టిన్ అణువు ఒక చిన్న పూస వంటిది. ఈ పూసలు వరసగా చేరి, రెండు పేటలు మెలివేసినట్లు తంతువుగా ఏర్పడతాయి. ఆ తంతువు మందం సుమారు 7 నానోమీటర్లు. అలాంటివి పదివేలు పక్కపక్కన పేర్చితే దాదాపు ఒక తలవెంట్రుక మందం వస్తుంది. అంత సన్నని తంతువులు కణంలో లెక్కలేనన్ని ఉంటాయి. ఒకచోట వలలా అల్లుకుని, మరోచోట మోకుల్లా కట్టలు కట్టుకుని ఉంటాయి.

ఆక్టిన్ తంతువులకూ, కణంలో ఉండే మరికొన్ని రకాల తంతువులకూ కలిపి పుస్తకాల్లో "కణ అస్థిపంజరం" అని పేరు. ప్రశ్నపత్రంలో ఆ పేరే వస్తుంది కనుక గుర్తుంచుకోండి. నాకు మాత్రం ఆ పేరు నచ్చదు. అస్థిపంజరం అనగానే ఏళ్ల తరబడి కదలకుండా నిలిచే ఎముకలు మనసులో మెదులుతాయి. పాకే కణం ముందు అంచున ఆక్టిన్ తంతువు ఒకటి రెండు నిమిషాలకు మించి నిలవదు. ఒక కొసన పూసలు చేరుతుంటే, రెండో కొసన ఊడిపోతుంటాయి. ఊడిన పూసలు మళ్లీ ముందుకు చేరి కొత్త తంతువులో భాగమవుతాయి. పెళ్లిపందిరిని ఊహించుకోండి. వెనుక గుంజలు పీకి ముందు పాతుతూ, పాతినవాటిని మళ్లీ పీకుతూ వీధి పొడవునా సాగిపోయే పందిరి ఒకటి ఉంటే, అది ఆక్టిన్‌కు ఎముకల గూడు కంటే దగ్గరి పోలిక.

ఇప్పుడు కణం ముందు అంచు దగ్గరికి వెళ్దాం. అక్కడ కణం చపాతీ అంచులా పలుచబడి ఉంటుంది. దాని లోపల ఆక్టిన్ తంతువులు చెట్టు కొమ్మల్లా చీలుతూ పెరుగుతాయి. పాత తంతువు పక్క నుంచి కొత్త కొమ్మను మొలిపించడానికి వేరే ప్రోటీన్ల గుంపు ఒకటి ఉంది. అది దాదాపు ఎప్పుడూ 70 డిగ్రీల కోణంలోనే కొమ్మను నిలబెడుతుంది. ఈ కొమ్మల కొసలు కణత్వచాన్ని లోపలి నుంచి తాకుతుంటాయి. త్వచం నిశ్చలంగా ఉండదు, సన్నగా వణుకుతూ ఉంటుంది. అలా వణికినప్పుడు తంతువు కొసకూ త్వచానికీ మధ్య కొద్దిపాటి సందు ఏర్పడుతుంది. ఆ సందులో మరో పూస చేరిపోతుంది. ఇక త్వచం వెనక్కి రాలేదు. ఇలా ఒక్కొక్క పూస చొప్పున అంచు ముందుకు జరుగుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. లోపల తంతువులు పెరిగి త్వచాన్ని నెడితే కణం ముందుకు పోతుందా? తడినేలలో దిగబడ్డ లారీని మీరు చూసే ఉంటారు. ఇంజను తిరుగుతుంది, చక్రం తిరుగుతుంది, బురద వెనక్కి చిమ్ముతుంది, లారీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చక్రం కింద రాళ్లో, గోనెసంచో వేస్తే అప్పుడు కదులుతుంది. కణంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. నేలమీద పట్టు లేకపోతే, త్వచాన్ని నెట్టబోయిన తంతువుల వలే వెనక్కి జారిపోతుంది. సూక్ష్మదర్శినిలో ఆ వెనక్కి జారడం చూడవచ్చు. పట్టు దొరికినచోట ఆ జారుడు తగ్గుతుంది, అంచు ముందుకు పోతుంది.

ఆ పట్టు ఇచ్చేవి ఇంటెగ్రిన్లు. ఇవి కణత్వచానికి ఆరపార నిలిచే ప్రోటీన్లు. బయటి కొసతో కణాల చుట్టూ ఉండే కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటి పీచులను పట్టుకుంటాయి. లోపలి కొస టాలిన్ అనే ప్రోటీను ద్వారా ఆక్టిన్‌కు తగులుకుంటుంది. టాలిన్ విషయంలో ఒక చక్కని సంగతి ఉంది. ఆక్టిన్ దాన్ని లాగినప్పుడు టాలిన్ మడతలు విప్పుకుంటుంది. మడతల్లో దాగి ఉన్న చోట్లు బయటపడతాయి. వాటికి విన్‌క్యులిన్ అనే మరో ప్రోటీను వచ్చి అతుక్కుని, మరిన్ని ఆక్టిన్ తంతువులను అక్కడికి కలుపుతుంది. అంటే ఇది లాగేకొద్దీ బిగిసే ఉచ్చుముడి. గట్టి నేల దొరికిన కణం గట్టిగా లాగుతుంది, గట్టిగా లాగినచోట పట్టు ఇంకా బిగుస్తుంది. కణానికి కళ్లు లేకపోయినా కింద ఉన్నది మెత్తనిదా గట్టిదా అన్నది ఈ లాగుడు ద్వారానే తెలుస్తుంది.

ముందు పట్టు చిక్కాక వెనుక భాగం రావాలి. అక్కడ ఆక్టిన్ కట్టల మీద మయోసిన్ పనిచేసి, కండరంలో లాగినట్లే లాగుతుంది. వెనుక ఉన్న పాత పట్లు ఊడుతాయి. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. నడుముకు మోకు, పాదాలకు తాటి బంధం. పాదాలు బిగించి మోకు పైకి జరుపుతాడు. మోకు మీద బరువు వేసి పాదాలు పైకి లాక్కుంటాడు. రెండూ ఒకేసారి వదిలితే కింద పడతాడు. రెండూ ఒకేసారి బిగిస్తే ఉన్నచోటే ఉంటాడు. కణం సంగతీ అంతే. నేల మరీ నున్నగా ఉండి పట్టు చిక్కకపోతే అది సాగలేదు. నేల మరీ జిగురుగా ఉండి వెనుక పట్టు ఊడకపోయినా సాగలేదు. పట్టు మధ్యస్థంగా ఉన్నప్పుడే వేగం ఎక్కువని 1997లో ప్రచురితమైన ప్రయోగాలు కొలిచి చూపాయి. ఎక్కడ నెట్టాలి, ఎక్కడ లాగాలి అన్న ఆజ్ఞలు ఇచ్చే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. 1992లో లండన్‌లో అలన్ హాల్, ఆన్ రిడ్లీ వాటిలో రెండింటి పని బయటపెట్టారు. ఆ పేర్లు ఈ స్థాయిలో మీకు అక్కర్లేదు.

"ఇదంతా బడి మధ్యలో మానినవారికి ఎందుకు? వాళ్లకు భారం కాదా?" అని నాతో పనిచేసేవారు కొందరు అడుగుతారు. వారి భయం నాకు అర్థమవుతుంది. పేజీలు పెరిగితే పుస్తకం బరువవుతుంది, పుస్తకం బరువైతే మధ్యలో వదిలేసేవారు పెరుగుతారు. కానీ భారం అనేది పేర్ల జాబితాల వల్ల వస్తుందని నా అభిప్రాయం. జరిగే పని చెబితే భారం కాదు. పైగా పెద్దవయసులో చదివేవారికి ఉన్న ఒక వసతి పదమూడేళ్ల పిల్లలకు లేదు. మీరు పుండ్లు చూశారు, గడ్డలు చూశారు, ఇంట్లో రోగులకు సేవ చేశారు. ఆ అనుభవాన్ని ప్రశ్నగా మార్చే అవకాశం పాఠం ఇవ్వాలి.

చీము సంగతే తీసుకోండి. వేలికి ముల్లు విరిగి, మర్నాటికి ఎర్రబడి వాచి, చీము పట్టింది. చీము అంటే ఎక్కువ భాగం తెల్ల రక్తకణాలే. అవి అక్కడ పుట్టలేదు, రక్తంలో పోతూ పోతూ అక్కడికి వచ్చాయి. రక్తనాళం గోడ మీద దొర్లి, ఇంటెగ్రిన్లతో గట్టిగా పట్టుకుని, బల్లపరుపుగా సాగి, గోడ కణాల సందులోంచి దూరి, సూక్ష్మజీవుల వైపు పాకుతాయి. నిమిషానికి సుమారు 10 మైక్రోమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు దాటడానికి గంటన్నర పైనే. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికాఫ్ పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకంలో ముల్లు గుచ్చి, మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఆ దారిలో చేసిన కృషికి ఆయనకు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ పట్టు లేకపోతే ఏమవుతుంది? పుట్టుకతోనే తెల్లకణాల మీద కొన్ని ఇంటెగ్రిన్లు లోపించే జబ్బు ఒకటి ఉంది. చాలా అరుదైనది. ఆ పిల్లల రక్తంలో తెల్లకణాలకు కొరత ఉండదు, మామూలు కంటే ఎక్కువే ఉంటాయి. కానీ అవి గోడను పట్టుకోలేవు, బయటికి రాలేవు. మూడు వారాలు దాటినా బొడ్డు ఊడకపోవచ్చు. సూక్ష్మజీవి సోకినా చీము పట్టదు, పుండు మానదు. చీము పట్టలేదంటే మంచిదే కదా అనుకుంటాం. ఈ పిల్లల విషయంలో అదే ప్రమాద సూచన.

రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా అనే బాక్టీరియా మరో రకం పాఠం చెబుతుంది. దానికి ఈదడానికి కశాభాలు లేవు. అది మన పేగు కణంలో చొరబడి, మన ఆక్టిన్‌నే దొంగిలిస్తుంది. తన ఒక కొసన ఆక్టిన్ పూసలు చకచకా చేరేటట్లు చేసుకుని, తారాజువ్వ తోకలాంటి తోక కట్టుకుని, కణమంతా దూసుకుపోతుంది. ఆ ఊపులో పక్క కణం గోడను పొడుచుకుని అందులోకి పోతుంది. బయటికి రాకుండానే కణం నుంచి కణానికి పాకడం వల్ల, బయట కాపలా కాసే ప్రతిరక్షకాలకు అది చిక్కదు.

కాన్సర్ మాట కూడా చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో కొందరు స్త్రీలకు అడ్డపొగ తాగే అలవాటు ఉంది. నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని చుట్ట తాగుతారు. దానివల్ల అంగిట్లో కాన్సర్ వస్తుందని మన వైద్యులు ఎన్నో ఏళ్ల కిందటే గుర్తించారు. గుట్కా, ఖైనీ నమిలేవారికి బుగ్గలో, నాలుకపై వస్తుంది. పుట్టినచోటే ఉన్న గడ్డను చాలాసార్లు కోసి తీసేయవచ్చు. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా దాని ప్రయాణమే. ఆ ప్రయాణానికి కాన్సర్ కణం కొత్త విద్యేమీ నేర్చుకోదు. గాయం అంచున ఉన్న కణం వాడే విద్యనే వాడుతుంది. పక్క కణాలతో పట్టు సడలిస్తుంది, ఆక్టిన్‌తో నిండిన మొనలు సాచి, కింద ఉన్న పలుచని పొరను కరిగించుకుంటూ లోతుకు దిగుతుంది. తేడా ఒక్కటే. గాయం కణం ఎదుటి అంచు కణాన్ని తాకగానే ఆగిపోతుంది, కాన్సర్ కణం ఆగదు.

అయితే ఆక్టిన్‌ను ఆపే మందు ఇస్తే సరిపోదా అని మీకు తోచవచ్చు. ఆక్టిన్ పెరుగుదలను ఆపే పదార్థాలు ఉన్నాయి. బూజుల నుంచి లభించే సైటోకలాసిన్లు అలాంటివే. వాటిని వేయగానే పాకుతున్న కణం ఆగిపోతుంది. కానీ అవి మంచి కణాన్నీ చెడ్డ కణాన్నీ వేరుగా చూడవు. తెల్లకణమూ ఆగుతుంది, గుండె కండరానికీ ముప్పు. అందుకే అవి ప్రయోగశాల దాటి బయటికి రాలేదు.

చివరగా మన భాషలోని ఒక మాట. పుండు మానిందని చెప్పడానికి "పుండు ఆరింది" అంటాం. ఆరడమంటే ఎండడం. అందుకే గాయాన్ని గాలికి వదలాలని, పక్కు కట్టాలని ఇళ్లలో చెబుతారు. కాఫీపొడి అద్దేవారూ ఉన్నారు. నేనూ చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే అలాగే ఎండబెట్టుకున్నాను. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పంది చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పాలిథీన్ పొరతో కప్పి చూశాడు. కప్పినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. కారణం మీరు ఇప్పుడు ఊహించగలరు. ఎండిన గాయంలో కణాలు పక్కు కింద తడి ఉన్న లోతుకు దిగి, దారి చేసుకుంటూ పాకాలి. తడి ఆరని గాయంలో నేరుగా పాకవచ్చు. దీని అర్థం గాయాన్ని మురికిగా, చిత్తడిగా ఉంచమని కాదు. శుభ్రంగా కడిగి, శుభ్రమైన కట్టుతో కప్పి, చెప్పిన సమయానికి కట్టు మార్చాలి. మధుమేహం ఉన్నవారి కాలి మీద చిన్న పుండైనా ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అలాంటి పుండులో అంచు కణాలు తరచుగా ముందుకు కదలకుండా నిలిచిపోతాయి.

ఇక మా పుస్తకం సంగతి. గుండ్రని బొమ్మను తీసేయమని నేను అనను. దాని పక్కన, కణాన్ని పక్క నుంచి చూసినట్లు రెండో బొమ్మ ఉండాలంటాను. ముందు పలుచని అంచు, కింద నాలుగైదు పట్లు, వెనుక ఊడబోతున్న తోక, సాగే దిక్కు చూపే ఒక బాణం గుర్తు. ఆమె అడిగిన ప్రశ్న తర్వాత నా వాక్యాన్ని ఇలా మార్చి రాశాను: "గాయం అంచున ఉన్న కణాలు పాత పట్టు వదిలి, కొత్త పట్టు పట్టుకుంటూ గాయం మీదికి పాకుతాయి, వాటి వెనుక ఉన్న కణాలు విభజన చెంది ఖాళీని నింపుతాయి." పాత వాక్యం కంటే ఇది రెండు వరసలు ఎక్కువ. పేజీలో చోటు చాలక గుండ్రని బొమ్మను అర అంగుళం తగ్గించాల్సి వచ్చింది.